అయాకూచో యుద్ధభూమి టూర్: నడిపించి చూపించే టీచరమ్మ

పెరూలోని అయాకూచో యుద్ధభూమికి నేను రెండుసార్లు వెళ్ళాను. 1824 డిసెంబరు 9న స్పెయిన్ రాజు సైన్యాన్ని స్వాతంత్ర్య సైన్యం ఓడించిన చోటు అది. మొదటిసారి వెళ్ళొచ్చాక ఒక తెల్లటి స్తంభం, దాని ముందు నా ఫోటో తప్ప ఇంకేమీ గుర్తులేదు. రెండోసారి మొన్న ఆగస్టులో నాన్నతో వెళ్ళాను. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఏ సైన్యం ఎటు నిలబడిందో, ఏ గండి దగ్గర ఎవరు ఇరుక్కుపోయారో చెప్పగలను. మైదానం అదే, కొండ అదే. మారింది గైడు ఒక్కరే. పెరూలో ఉంటున్న మనవాళ్ళు, మాచు పిచ్చు చూసేశాక ఇంకో మూడు రోజులు చేతిలో ఉన్నవాళ్ళు ఎవరైనా అటు వెళ్తారేమోనని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మొదటిసారి సంగతి. ఆ కంపెనీ పేరు రాయను. అక్కడి ఊరు హువమాంగా (అయాకూచో ఊరి పాత పేరు), అందులో చౌక్ దగ్గర చాలామంది అమ్మే టూరే అది. మనిషికి 50 సోలెస్ (పెరూ డబ్బు), వ్యాన్‌లో పదహారు మందిమి. దారిలో వారీ అనే పాత నగరం శిథిలాల దగ్గర అరగంట, తర్వాత ఒక బొమ్మల కొట్లో గంట. ఆ కొట్టు వాళ్ళకి కమీషన్ ఇస్తుందని లోపలికి అడుగుపెట్టగానే తెలిసిపోయింది. చివరికి మైదానం చేరాక, "25 నిమిషాలు, ఫోటోలు తీసుకుని రండి" అన్నాడు గైడు. అంతకుముందు వ్యాన్‌లో మైకు పట్టుకుని, స్వాతంత్ర్య పోరాట నాయకుడు బొలీవార్ ఇక్కడే తన సైన్యాన్ని దగ్గరుండి నడిపించి గెలిచాడని చెప్పాడు. అప్పుడు నాకూ తెలియదు కాబట్టి తల ఊపాను. బొలీవార్ ఆ రోజు ఇక్కడ లేనే లేడు, లీమాలో ఉన్నాడు. యుద్ధానికి రెండు రోజుల ముందు, డిసెంబరు 7న, పనామాలో దేశాలన్నీ కలిసి కూర్చుందాం రండని అక్కడినుంచే ఉత్తరాలు రాశాడు. ఇక్కడ సైన్యాన్ని నడిపింది ఆంతోనియో హోసే దె సూక్రే. అప్పటికి అతనికి 29 ఏళ్ళు. స్పెయిన్ రాజు మూడు వందల ఏళ్ళ పెత్తనాన్ని ముగించిన మనిషి పేరు కూడా చెప్పకుండా టిక్కెట్టు డబ్బులు తీసుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈసారి నాన్న లీమా వచ్చారు. ముప్ఫై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వచ్చిన వారంలోనే, "అమ్మా, ఆ సూక్రే యుద్ధం చేసిన చోటు ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగారు. మోకాళ్ళ నొప్పులు ఆయనకి, పైగా అంత ఎత్తు. వద్దనుకున్నాను. ఆయన వినలేదు. అలాంటి మనిషిని మళ్ళీ ఆ పాతిక నిమిషాల వ్యాన్ ఎక్కించడానికి మనసొప్పక, మేం దిగిన గెస్ట్‌హౌస్ ఆవిడని అడిగితే ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. "ప్రొఫెసోరాకి చెయ్యి. కానీ ఆవిడ నడిపిస్తుంది, ముందే చెప్తున్నా" అన్నారు.

ప్రొఫెసోరా అంటే టీచరమ్మ. ఊళ్ళో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, అరవై దాటి ఉంటాయి. బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఇక్కడి ఆదివాసీల భాష కెచువా నీళ్ళలా మాట్లాడతారు. రోజుకి ఒకటే గుంపు, ఆరుగురికి మించి తీసుకోరు. మనిషికి 120 సోలెస్, కారు ఖర్చు అందులోనే, భోజనం మన జేబులోంచి. చౌక్‌లో దొరికే దాంతో పోలిస్తే రెండింతలు దాటింది కదా అని నేను కాస్త ఆలోచించిన మాట నిజం. ఇప్పుడైతే 200 అడిగినా ఇస్తాను.

ఉదయం ఏడున్నరకి చౌక్ మధ్యలో సూక్రే గుర్రం మీద కూర్చున్న విగ్రహం దగ్గర కలుసుకున్నాం. మేమిద్దరం, అరెకీపా నుంచి వచ్చిన భార్యాభర్తలు, బొగోతా నుంచి ఒక కుర్రాడు. బయల్దేరేముందు ఆవిడ ఒక్క విషయమే చెప్పారు. ఈ ఊరి పాత పేరు హువమాంగా. యుద్ధం గెలిచాక, 1825లో, బొలీవార్ దీనికి అయాకూచో అని పేరు పెట్టాడు. కెచువాలో అయా అంటే శవం, కూచో అంటే మూల. శవాల మూల అన్నమాట. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఈ రోజుకీ హువమాంగా అనే అంటారు. ఆ మాట నాన్నకి తెలుగులో చెప్పగానే ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. ఇక సాయంత్రం దాకా దాన్ని మూయలేదు.

ఊరి నుంచి మైదానం 37 కిలోమీటర్లు, కారులో గంట. ఊరు 2,760 మీటర్ల ఎత్తులో ఉంటే మైదానం దాదాపు 3,300 మీటర్ల పైన. వారీ దగ్గర ఆవిడ కారు ఆపలేదు. అది వేరే రోజు చూడాల్సినది, ఒకే రోజులో రెండూ కలిపితే రెండూ పాడవుతాయన్నారు. వారీ కూడా అదే డబ్బుల్లో చూడాలనుకునేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. నాకు నచ్చింది.

కీనువా ఊళ్ళో ఆగాం. ఎర్ర పెంకుల ఇళ్ళు, కప్పుల మీద చిన్న చిన్న మట్టి చర్చిలు. ఇక్కడ కుమ్మరి పని పెద్ద పేరు. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు ఇంటికి మంచి జరగాలని కప్పు మీద మట్టి చర్చి పెట్టుకుంటారు. మధ్య చౌక్‌లో ఒక తెల్లటి ఇల్లు ఉంది, దాన్ని మ్యూజియం చేశారు. ఓడిన సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగిన ఇల్లు అది. నాన్న లోపలికి వెళ్ళబోతే ప్రొఫెసోరా చెయ్యి అడ్డం పెట్టారు. "ముందు యుద్ధం, తర్వాత సంతకం" అన్నారు. అక్కడే నాకు ఈ మనిషి మీద నమ్మకం కుదిరింది.

పైన మైదానానికి వెళ్ళేసరికి తొమ్మిది దాటింది. బయట చల్లగాలి, నెత్తిన మాడ్చే ఎండ. తూర్పున కొండ, దాని పేరు కొందోర్‌కుంకా. కొందోర్ పక్షి మెడ అని అర్థం. మెడలాగే నిటారుగా ఉంటుంది. పడమట మనం వదిలొచ్చిన కీనువా. ఉత్తరానా దక్షిణానా లోతైన గండ్లు. మధ్యలో వాలుగా, ఎండిన గడ్డితో మైదానం. ప్రొఫెసోరా మమ్మల్ని స్తంభం వైపు తీసుకెళ్ళలేదు. గడ్డి మీద కూర్చోబెట్టి, సంచిలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీశారు.

డబ్బాలో మొక్కజొన్న గింజలు. కొన్ని తెల్లవి, కొన్ని ముదురు ఊదారంగువి. ఒక తువ్వాలు పరిచి, దాన్ని చేత్తో నొక్కి నొక్కి గండ్లూ కొండా వచ్చేలా ముడతలు పెట్టారు. తర్వాత గింజలు లెక్కపెట్టించారు. ఒక గింజ అంటే 100 మంది. ఊదా గింజలు 58, సూక్రే సైన్యం. తెల్లవి 93, వైస్రాయ్ హోసే దె లా సెర్నా సైన్యం. లెక్క నాన్న చేత పెట్టించారు. తెల్ల గింజలు తువ్వాలు మీద కొండ ముడత నిండా పేర్చేసరికి, ఎదురుగా ఊదా గింజలు ఎంత పల్చగా ఉన్నాయో చూసి అరెకీపా ఆవిడ "అయ్యో" అంది. 5,780, 9,310 అన్న అంకెలు నేను అంతకుముందు చదివాను. చదివినప్పుడు ఏమీ అనిపించలేదు.

తర్వాత రాళ్ళు తీశారు. ఒక చిన్న రాయి ఊదా వైపు పెట్టారు. అది సూక్రే దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఫిరంగి. డిసెంబరు 3న కోర్పావాయికో అనే లోయ దగ్గర వైస్రాయ్ సైన్యం వెనకనుంచి పడి 300 మందికి పైగా మనుషుల్ని, ఇంకో ఫిరంగిని లాగేసుకుంది. తెల్ల వైపు రాళ్ళు చాలా పెట్టారు. "మరి వాళ్ళు కొండ దిగడం దేనికి? పైన కూర్చుంటే సరిపోయేది కదా?" అని నాన్న అడిగారు. నేను స్పానిష్‌లోకి మార్చి చెప్పాను. ఆ ప్రశ్నకి ఆవిడ మొహం వెలిగిపోయింది. పాఠంలో అసలు చోటుకి పిల్లవాడు తనంతట తానే వస్తే టీచర్ మొహం ఎలా ఉంటుందో అలా.

ఆకలి, అన్నారు. కొండ మీద తిండి లేదు. చుట్టుపక్కల ఊళ్ళకి సిపాయిల్ని తిండికి పంపిస్తే వాళ్ళు తిరిగి వస్తారన్న నమ్మకం లేదు. ఎందుకంటే తెల్ల గింజల్లో స్పెయిన్‌లో పుట్టినవాళ్ళు చాలా తక్కువ. 1821 చివరి నుంచి వైస్రాయ్ రాజధాని కూస్కో. అక్కడినుంచీ చుట్టుపక్కల కొండ ఊళ్ళనుంచీ బలవంతంగా పట్టుకొచ్చిన రైతులే ఎక్కువ. ఇంట్లో కెచువా మాట్లాడేవాళ్ళు. పారిపోవడానికి సందు కోసం చూసేవాళ్ళు. అలాంటి సైన్యాన్ని ఎక్కువ రోజులు కొండ మీద కట్టిపడేయలేరు. సూక్రేకి కూడా వెనక్కి పోయే దారి లేదు. లీమా దారి మూసుకుపోయింది, ఉత్తరాన హువాంతా రైతులు రాజు పక్షం. రెండు వైపులా ఆ రోజే తేల్చుకోవాల్సిన పరిస్థితి.

యుద్ధానికి ముందు రాత్రి కథ కూడా తువ్వాలు మీదే చెప్పారు. చీకట్లో శత్రువు కొండ దిగి వస్తే సూక్రే పని అయిపోయినట్టే. అందుకని ఒక చిన్న దళాన్ని, బ్యాండు మేళాన్ని కొండ మొదట్లోకి పంపించి, పాటలు వాయిస్తూ తుపాకులు పేలుస్తూ ఉండమన్నారు. సైన్యమంతా అక్కడే ఉందనుకుని పైవాళ్ళు దిగలేదు.

పొద్దున ఇంకో సంగతి జరిగింది. రాజు సైన్యంలోని జనరల్ మోనెట్ కిందికొచ్చి, ఇటువైపు జనరల్ కోర్దోవాతో మాట్లాడాడు. రెండు సైన్యాల్లోనూ అన్నదమ్ములున్నారు, పాత స్నేహితులున్నారు. మొదలుపెట్టేముందు ఒకసారి పలకరించుకోనిద్దామన్నాడు. సూక్రే సరేనన్నాడు. ఆయుధాలు పక్కన పెట్టి మధ్యలోకి వచ్చి కౌగిలించుకున్నారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత ఎవరి వరుసలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ప్రొఫెసోరా ఇది చెప్తూ రెండు ఊదా గింజలు, రెండు తెల్ల గింజలు తువ్వాలు మధ్యలోకి తెచ్చి పక్కపక్కన పెట్టి, కాసేపు మాట్లాడకుండా ఊరుకున్నారు. ఇది నాన్నకి తెలుగులో చెప్పేటప్పుడు నా గొంతు పట్టుకుపోయింది.

తర్వాత నడక. ఈ టూర్‌లో డబ్బులు పెట్టాల్సింది దీనికే.

మొదట దూరం చూపించారు. బొగోతా కుర్రాణ్ణి నిలబెట్టి, అరెకీపా ఆయన్ని కొండ వైపు నడుస్తూ వెళ్ళమన్నారు. వంద అడుగులు వేశాక ఆపించారు. ఆ కాలపు నున్న గొట్టం తుపాకీకి 100 మీటర్లు దాటితే గురి అన్నమాట ఉండదు. అంటే కాల్చాలంటే అంత దగ్గరికి వెళ్ళాలి. అరెకీపా ఆయన మొహం మాకు బాగానే కనిపిస్తోంది. కళ్ళజోడు కూడా కనిపిస్తోంది. "ఇంత దగ్గర్లోనా!" అన్నారు నాన్న. తుపాకీ యుద్ధమంటే ఎక్కడో దూరం నుంచి కాల్చుకోవడం అనుకునేదాన్ని నేను. పొద్దున కౌగిలించుకున్న మనిషి మొహం గుర్తుపట్టగలిగేంత దగ్గర అది.

ఆ తర్వాత మమ్మల్ని దక్షిణం వైపు, కోర్దోవా దళం నిలబడ్డ చోటికి తీసుకెళ్ళారు. హోసే మరియా కోర్దోవాకి అప్పుడు 25 ఏళ్ళు. ఎడమవైపు లా మార్ దగ్గర పెరూ దళాలు, వెనక లారా దళాలు, గుర్రపు దళానికి మిల్లర్ అనే ఇంగ్లీషువాడు. పది గంటల వేళ పైనుంచి దిగడం మొదలైంది. వైస్రాయ్ వైపు పథకం ఏమిటంటే, ఉత్తరాన గండి దాటి వాల్దేస్ వచ్చి లా మార్ దళాన్ని కొట్టాలి, అటు కలవరం పుట్టాక మిగతావాళ్ళు దిగాలి. వాల్దేస్ తన పని బాగానే చేశాడు. కానీ ఇటు దక్షిణాన కర్నల్ రుబీన్ దె సెలిస్ సమయం రాకముందే తన దళంతో మైదానంలోకి దూకాడు. వెనకవాళ్ళు ఇంకా కొండ మీదే ఉన్నారు, ఫిరంగులు కొన్ని కంచరగాడిదల మీంచి దింపనే లేదు. కోర్దోవా వాళ్ళ మీద పడ్డాడు. రుబీన్ దె సెలిస్ అక్కడే చనిపోయాడు.

ఇక్కడ ఆగి ప్రొఫెసోరా, కోర్దోవా తన మనుషులకి ఇచ్చిన ఆజ్ఞ ఎవరికైనా తెలుసా అని అడిగారు. బొగోతా కుర్రాడు చిన్నప్పుడు స్కూల్లో నేర్చుకున్నాడట. వెంటనే నిటారుగా నిలబడి చెప్పాడు. "దివిసియోన్! ఆర్మాస్ ఆ దిస్క్రెసియోన్. దె ఫ్రెంతే, పాసో దె వెన్సెదోరెస్!"

నాన్న నా వైపు చూశారు. "విజేతల నడకతో ముందుకు" అన్నాను. ఆయనకి నచ్చలేదు. "అది పుస్తకం మాట. సిపాయికి చెప్పే మాట ఎలా ఉంటుంది?" అన్నారు. అక్కడినుంచి కొండ వైపు రెండు వందల అడుగులు ఆగకుండా నడవమన్నారు ప్రొఫెసోరా. పరుగెత్తొద్దు, ఆగొద్దు. చేతిలో నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. నూట ఇరవై దగ్గరే నాకు గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. వాలు చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, కాళ్ళకే తెలుస్తుంది. నాన్న ఎనభై దగ్గర ఆగిపోయి, చేతికర్ర మీద ఆనుకుని, ఊపిరి తీసుకుంటూనే అన్నారు: "ఇక్కడ పరుగెత్తలేరమ్మా. అందుకని నడవమన్నాడు. తుపాకీ మీకు ఎలా వీలైతే అలా పట్టుకోండి, గెలిచినవాళ్ళు ఎలా నడుస్తారో అలా నడవండి అన్నాడు. అంతే." ప్రొఫెసోరాకి దాన్ని మళ్ళీ స్పానిష్‌లో చెప్పాను. ఆవిడ నాన్నతో చెయ్యి కలిపారు.

నాకు తెలిసి ఇలా ఊపిరితో పాఠం చెప్పే గైడు ఇంకొకరు లేరు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుర్రాలు అద్దెకిస్తారు, దాని మీద కూడా తిరగొచ్చు. కానీ ఈ రెండు వందల అడుగులు మాత్రం నడిచే చూడండి.

ఒంటిగంట అయ్యేసరికి యుద్ధం అయిపోయింది. వైస్రాయ్ గాయాలతో పట్టుబడ్డాడు. సరిగ్గా అదే రోజు, సముద్రం అవతల, స్పెయిన్ రాజు ఆయనకి ఆండీస్ కొండలకి కౌంట్ అని బిరుదు ఇచ్చాడు. తువ్వాలు దగ్గరికి తిరిగొచ్చి ప్రొఫెసోరా తెల్ల గింజలు 18 తీసి పక్కన పెట్టారు. చనిపోయిన 1,800 మంది. ఊదావి మూడు తీశారు, 300 పైమాటే. గాయపడ్డవాళ్ళు రెండు వైపులా ఆరేడు వందల చొప్పున. మూడు గంటల్లో అంతమంది. మేం కూర్చున్న గడ్డి మీదే.

అప్పుడు నాన్న అడిగిన ప్రశ్న ఈ రోజంతటికీ పెద్దది. "ఇంత జరిగాక ఇక్కడి రైతుకి ఏం మిగిలింది?"

ఆవిడ కాస్త ఆలోచించుకున్నారు. వాళ్ళ అమ్మమ్మ వైపువాళ్ళది హువాంతా ప్రాంతమట. "మావాళ్ళు ఓడిపోయిన పక్షం" అన్నారు, దాచుకోకుండా. అక్కడి రైతులు లీమా నుంచి వచ్చే కొత్త ప్రభుత్వాన్ని నమ్మలేదు. యుద్ధం అయిపోయాక కూడా ఆంతోనియో హువాచాకా అనే రైతు నాయకుడి వెనక 1828 దాకా తిరగబడ్డారు. వాళ్ళ అనుమానం ఉత్తిది కూడా కాదు. ఆదివాసీలు తలకింత అని కట్టాల్సిన పన్నుని 1821లో, లీమాలో స్వాతంత్ర్యం ప్రకటించిన సాన్ మార్తీన్ రద్దు చేస్తే, 1826లో కొత్త రిపబ్లిక్కే పేరు మార్చి మళ్ళీ తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో 28 ఏళ్ళు ఆ పన్ను కట్టారు. 1854 జులైలో ఆ పన్ను రద్దు చేస్తూ రామోన్ కాస్తియా అనే నాయకుడు సంతకం పెట్టాడు. ఆ సంతకం పెట్టింది ఇదే అయాకూచో ఊళ్ళో. ఆ కాస్తియా 1824లో కుర్ర ఆఫీసరుగా ఈ మైదానంలో సూక్రే వైపు పోరాడినవాడే.

"ముప్ఫై ఏళ్ళు పట్టింది" అన్నారు నాన్న, పుస్తకంలో రాసుకుంటూ.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ స్తంభం మాత్రమే చూశానన్నాను కదా. ఈసారి చివర్లో దాని దగ్గరికి వెళ్ళాం. 44 మీటర్ల ఎత్తు. 1780లో స్పెయిన్ పెత్తనం మీద తుపాక్ అమారు తిరుగుబాటు మొదలైనప్పటి నుంచి 1824 దాకా 44 ఏళ్ళు, ఏడాదికి ఒక మీటరు. యుద్ధం జరిగి 150 ఏళ్ళయిన సందర్భంగా 1974లో కట్టారు. పోయినసారి గైడు ఈ లెక్క కూడా చెప్పలేదు. చుట్టూ 300 హెక్టార్లు చారిత్రక రక్షిత ప్రాంతం కాబట్టి హోటళ్ళూ అవీ మీద పడిపోలేదు, మైదానం మైదానంలా ఉంది.

కిందికి దిగాక కీనువాలో ఆ తెల్ల ఇల్లు. ఇప్పుడు లోపలికి వెళ్ళనిచ్చారు. చిన్న గదులు, పాత ఆయుధాలు, యూనిఫాంలు. పట్టుబడ్డ వైస్రాయ్ బదులు ఆయన కింది జనరల్ కాంతెరాక్ ఇక్కడ సంతకం పెట్టాడు. షరతులు చూసి నేను ఆశ్చర్యపోయాను. స్పెయిన్ వెళ్ళిపోదామనుకున్న ప్రతి సిపాయికీ ఓడ ఖర్చు పెరూయే పెట్టుకోవాలి, ఇక్కడే ఉంటానంటే పెరూ సైన్యంలో అదే హోదాతో చేరొచ్చు. దీనికి ఒప్పుకోనివాళ్ళలో లీమా రేవు కయ్యావో కోటలో ఉన్న రాజు పక్షం సేనాని రోదీల్ ఒకడు. అతను 1826 జనవరి దాకా తలుపులు తియ్యలేదు. లీమాలో మా ఆఫీసు నుంచి ఆ కోట అరగంట దూరం. ఇన్నాళ్ళూ దాని పక్కనుంచే ఎయిర్‌పోర్టుకి పోతున్నాను.

భోజనం ఊళ్ళో ఒక ఇంట్లో. పూకా పికాంతే పెట్టారు, బంగాళాదుంపలు, వేరుశనగ పొడి, ఎర్రటి గ్రేవీ. దాని మీద మాంసం లేకుండా కావాలంటే ముందురోజే చెప్పాలి. నేను చెప్పడం మర్చిపోతే నాన్న చాలాసేపు ఆకలితో కూర్చోవాల్సొచ్చింది. తప్పు నాదే, మీరు మర్చిపోకండి.

ఇక లోపాలు. ఉన్నాయి, రాస్తాను. ఆవిడ స్పానిష్, కెచువా తప్ప మాట్లాడరు. భాష రాకపోతే పక్కన చెప్పే మనిషి ఉండాలి, లేకపోతే ఈ టూర్‌లో సగం పోతుంది. కారులో ఆక్సిజన్ సీసా లేదు. నాన్నకి మధ్యాహ్నం కాసేపు తల తిరిగింది. ఆవిడ మున్యా ఆకు టీ పెట్టించి, కారులో వెనక్కి వాల్చి పడుకోబెట్టి తగ్గించారు కానీ, పెద్దవాళ్ళని అంత ఎత్తుకి తీసుకెళ్ళేటప్పుడు ఒక సీసా పెట్టుకోవడం అవసరం. ఈ మాట ఆవిడకే చెప్పాను, రాసుకున్నారు. మైదానం మీద నీడ అసలు లేదు. బాత్రూమ్ సంగతి కీనువాలోనే చూసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కార్డు తీసుకోరు, క్యాష్ గానీ, ఫోన్‌లో డబ్బు పంపే యాపే గానీ.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. హువమాంగాలో దిగిన రోజే పైకి వెళ్ళకండి, ఒక రాత్రి నిద్రపోయి వెళ్ళండి. టోపీ తప్పనిసరి. మే నుంచి సెప్టెంబరు దాకా వానలుండవు, దారులు బాగుంటాయి. ప్రతి డిసెంబరు 9న మైదానంలో యుద్ధాన్ని వేషాలతో ఆడి చూపిస్తారు, జనం కిక్కిరిసిపోతారు. ఆ వారంలో ప్రొఫెసోరా ఎవరినీ తీసుకెళ్ళరు. తువ్వాలు పరుచుకునే చోటు కూడా ఉండదంటారు.

అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఆక్సిజన్ సీసాకి.

రాత్రి లీమా బస్సులో నాన్న తన పుస్తకంలో బొమ్మ వేసుకున్నారు. ముడతల తువ్వాలు, గింజలు, గండ్లు. వేస్తూ వేస్తూ, "యుద్ధం జరిగింది డిసెంబరులో కదా, అప్పుడు వానాకాలం. గడ్డి ఇలా ఎండిపోయి ఉండేది కాదు, పచ్చగా ఉండుంటుంది. నేల తడిగా ఉంటే ఆ రెండు వందల అడుగులు ఇంకా కష్టం కదమ్మా?" అన్నారు. ప్రొఫెసోరాకి మెసేజ్ పెట్టి అడిగాను. వానలు మొదలయ్యాక వచ్చి నడిచి చూడమనండి అని జవాబు వచ్చింది. నాన్న నవంబరు నెలాఖరు దాకా ఇక్కడే ఉంటారు. ఆ నెల మూడో వారానికి రెండు సీట్లు చెప్పి ఉంచాం.